గొర్రెలు పెరిగాయి, గొంగడి తగ్గింది

పశుగణన లెక్కల్లో తెలంగాణ గొర్రెలది ఎప్పుడూ పెద్ద అంకే. 2012లో 1.28 కోట్లున్నవి 2019 నాటికి 1.90 కోట్లకు చేరాయి. ఆ ఏడాది దేశమంతటా ఉన్న గొర్రెలు 7.42 కోట్లు. అంటే అప్పుడు దేశంలోని ప్రతి నాలుగు గొర్రెల్లో ఒకటి తెలంగాణలోనే మేసింది. ఇన్ని గొర్రెలున్న చోట ఉన్ని పని కూడా పెరగాలి. కానీ వరంగల్, జనగామ, సిద్దిపేట, కరీంనగర్ పల్లెల్లో కొత్త గొంగడి కొనాలంటే ఇప్పుడు ఊరూరా వాకబు చేయాలి. మగ్గం గుంతలు పూడ్చి పైన సిమెంటు పోశారు. రాట్నాలు అటక ఎక్కాయి.

గొర్రెలు పెరగడం, గొంగడి తగ్గడం, ఈ రెండూ ఒకే మార్పు నుంచి పుట్టినవి. గొర్రె అంటే మాంసమే అన్న లెక్క స్థిరపడింది. ఆ లెక్కను పూర్తిగా తిరగరాయడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. ఆలోచించదగిన ప్రశ్న అంతకంటే చిన్నది. హనుమకొండకు ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఒక కుటుంబం నలభై నల్ల గొర్రెలు పెంచుకుంటూ, వాటి ఉన్నితో ఇంట్లోనే వస్తువులు చేసి, వాకిట్లోనే అంగడి పెట్టుకుని బతకగలదా? బతకగలదు. అయితే ఉన్నిని కిలోల లెక్కన అమ్ముకుంటే మాత్రం కాదు.

నల్ల గొర్రె అంటే దక్కనీ జాతి. కురుమలు తరతరాలుగా పెంచింది దీన్నే. ఒళ్లు చిన్నది, ఓర్పు ఎక్కువ. రాతి నేలలో, ముళ్ల పొదల్లో మేసి, రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు నడిచినా తట్టుకుంటుంది. నెల్లూరు జాతి అలా కాదు. ఎత్తుగా పెరుగుతుంది, చప్పున బరువెక్కుతుంది, సంతలో ధర పలుకుతుంది. కానీ దాని ఒంటి మీద ఉన్ని ఉండదు, ఉన్నది పొట్టి వెంట్రుకే. సంతలో పొట్టేలును చూసేవాడు వెన్ను తడిమి కండ ఎంతుందో చూస్తాడు తప్ప ఉన్ని ఎంతుందో అడగడు. కాబట్టి కాపరి కూడా మందలోకి నెల్లూరు పొట్టేలును తెచ్చుకున్నాడు. రెండు మూడు ఈతలు తిరిగేసరికి పిల్లల ఒంటి మీద ఉన్ని పలచబడింది.

ఇదంతా ఎప్పుడో మొదలైంది. 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ దీనికి వేగం తెచ్చింది. 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, అప్పటి విలువ 1.25 లక్షల రూపాయలు. అందులో 75 శాతం రాయితీ. పొరుగు రాష్ట్రాల నుంచి లక్షల గొర్రెలు లారీల్లో వచ్చాయి. ఆ పథకం మాంసాన్ని, కాపరి ఆదాయాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందింది. ఉన్ని గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇరవై ఒక్క జీవాల్లో కనీసం పొట్టేలైనా దక్కనీది కావాలని కోరుకున్న కాపరికి ఆ దారి తెరిచి ఉంచేవారు.

మేత కథ వేరు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ, దేవాదుల ఎత్తిపోతలు, వాటికి తోడు బోరుబావులు వచ్చాక ఉత్తర తెలంగాణలో రెండు కార్లు వరి పండుతోంది. రైతుకు అది నిజమైన మేలు. కానీ ఒకప్పుడు కోతలయ్యాక బీడుగా ఉండే పొలాల్లో జీవాలు మేసేవి. ఇప్పుడు ఆ నెలల్లోనూ మడి నిండా నీళ్లే. బురదలో నిలబడితే గొర్రె గిట్టలు మెత్తబడి పుళ్లు పడతాయి. పత్తి చేలలో చివరి తీత అయ్యాక మోళ్లు మేపుకోవచ్చు, అయితే చల్లిన మందుల ప్రభావం పోయిందో లేదో రైతును అడిగి తెలుసుకున్నాకే మందను దింపాలి. అందుకే నలభై గొర్రెల కుటుంబానికి కనీసం అర ఎకరంలో దశరథ గడ్డి, గట్ల మీద అవిశ, సుబాబుల్ ఉండాలి. వేసవి కోసం వేరుశనగ కట్టె, కంది పొట్టు ముందే నిల్వ చేసుకోవాలి.

వేసవి మేత కడుపుకు సంబంధించిన విషయంగానే అందరికీ తెలుసు. అది నూలుకు కూడా సంబంధించినదని ఉన్నితో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. పోగు రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది. గొర్రె ఆకలితో ఉన్న వారాల్లో పెరిగిన భాగం సన్నబడుతుంది. జ్వరం వచ్చినా అంతే. కత్తిరించిన ఉన్నిలోంచి ఒక పాయ తీసుకుని, రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర ఒక్కసారి లాగి చూడాలి. మంచి పాయ తీగలా బిగుసుకుని చిన్న మోత చేస్తుంది. ఆకలి చూసిన పాయ మధ్యలో పుటుక్కున తెగుతుంది. తెగిన చోటును బట్టి ఆ గొర్రె ఎన్ని నెలల కిందట కష్టపడిందో అంచనా కట్టవచ్చు. అలాంటి ఉన్నితో వడికిన నూలు మగ్గం మీద పదే పదే తెగుతుంది. కాబట్టి ఏప్రిల్‌లో గొర్రెకు వేసిన గుప్పెడు పత్తి చెక్క డిసెంబరులో మగ్గం దగ్గర ఫలితమిస్తుంది. గొర్రెల కొట్టం, ఉన్ని అంగడి ఒకే ఇంటివారి చేతిలో ఉంటే వచ్చే అసలైన లాభం ఇదే. ఎక్కడో కొన్న ఉన్నికి ఈ చరిత్ర తెలియదు.

రోగాల విషయమూ ఇలాగే చూడాలి. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో చిన్న దోమల్లాంటి పురుగుల వల్ల నీలి నాలుక వ్యాపిస్తుంది. మూతి, పెదవులు వాచి, గొర్రె కుంటుతూ మేత మానేస్తుంది. పారుడు రోగం, చిటుకు రోగం, గొర్రె మశూచి ఎప్పుడూ పొంచి ఉంటాయి. టీకాలు, నట్టల మందు వేళకు వేయించడం ఏ పెంపకందారుకైనా తప్పదు. ఉన్ని మీద ఆధారపడిన ఇంటికి బతికి బయటపడిన గొర్రె కూడా నష్టమే, ఆ ఆరు నెలల పోగు బలహీనపడుతుంది గనక. వరంగల్ వాసులకు మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరలోనే ఉండడం ఈ విషయంలో పెద్ద అండ.

దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. రెండూ కలిపితే ఒక గొర్రె ఇచ్చేది సుమారుగా అరకిలో నుంచి కిలో లోపు. నలభై గొర్రెల నుంచి ఏడాదికి ఇరవై అయిదో ముప్పయ్యో కిలోలు వచ్చాయనుకుందాం. దుమ్ము, ముళ్లు, పొట్టి పోగులు తీసేస్తే అందులో పెద్ద భాగమే తరుగు పోతుంది. మంచి గొంగడి రెండు, మూడు కిలోలు తూగుతుంది. కాబట్టి నలభై గొర్రెల మంద ఏడాదంతా మేసి ఇచ్చేది ఏడెనిమిది గొంగళ్లకు సరిపడా ఉన్ని. ఈ లెక్క ముందే తెలియకపోతే ఈ పని పెట్టుకున్నవాళ్లు మొదటి ఏడాదే నిరాశపడతారు.

కిలోల్లో అమ్మితే ఆ ముప్పై కిలోలకు వచ్చే డబ్బు కత్తెర పట్టినవారి కూలికి కూడా చాలకపోవచ్చు. ఒకప్పుడు ఉన్ని కోసం వచ్చినవాళ్లే కత్తిరించుకుని, కాపరికి ఎంతో కొంత ఇచ్చి వెళ్లేవారు. ఇప్పుడు కాపరే కూలి ఇచ్చి కత్తిరింపించుకుంటున్నాడు. ఉన్ని పెరిగితే గొర్రె ఎండకు అల్లాడుతుంది, పేలు, పిడుదులు చేరతాయి. అందుకని తప్పక కత్తిరిస్తాడు. కత్తిరించిన దాన్ని చాలాచోట్ల కంచె పక్కన పారబోస్తున్నారు. అయితే ఈ ముప్పై కిలోలే ఒక ఇంటి మనుషులు చేత్తో ఏడాది పొడవునా పని చేసుకోవడానికి సరిగ్గా సరిపోతాయి. అమ్మకానికి చాలనిది, పనికి చాలినంత. అంగడి నిలబడాల్సింది ఈ కొలత మీదే.

పని కత్తెరకు ముందే మొదలవుతుంది. గొర్రెలను చెరువులో దించి, ఒళ్లు రుద్ది కడిగి, శుభ్రమైన నేల మీద ఆరనివ్వాలి. ఆ తర్వాత కత్తిరింపు. కత్తిరించిన ఉన్నిని గోనెపట్టా మీద పరిచి చేత్తో ఏరాలి. పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు ఉన్నిలో చిక్కుకుంటే ఒక పట్టాన రావు. పల్లేరు ముల్లు ఒక్కటి మిగిలినా వడికేవారి వేలికి దిగుతుంది. మెడ, తొడల దగ్గరి ముతక ఉన్నిని ఒక పక్కకు, వీపు, భుజాల మీది పొడవాటి పోగును మరో పక్కకు తీయాలి. గొర్రెపిల్లల మొదటి కోత ఉన్ని అన్నిటికంటే మెత్తన, దాన్ని దేనితోనూ కలపకూడదు. రంగుల వారీగా విడదీయడం కూడా ఇక్కడే జరగాలి. నలుపు, కాఫీ గింజ రంగు, బూడిద, అక్కడక్కడ తెలుపు, ఇవన్నీ గొర్రె పుట్టుకతో తెచ్చుకున్న రంగులే. తెల్ల ఉన్నిని పటిక నీళ్లలో ఉడికించి మోదుగ పూల రసంలో వేస్తే పసుపు నారింజ పట్టేస్తుంది. నూలు బట్ట కంటే ఉన్ని రంగును త్వరగా అందుకుంటుంది. మాఘ ఫాల్గుణాల్లో ములుగు దారి పొడవునా రాలిపడే మోదుగ పూలకు ఖర్చేమీ లేదు.

తర్వాత ఏకడం. నారి బిగించిన విల్లును ఉన్ని కుప్పకు ఆనించి కొడుతుంటే ముద్దలు విడిపోయి ఉన్ని మబ్బులా పొంగుతుంది. ఆ పైన రాట్నం. ఇది ఎక్కువగా ఆడవాళ్ల పని, అందులోనూ వయసు మళ్లినవాళ్ల పని. నూలు సిద్ధమయ్యాక పడుగు సాగదీసి, నానబెట్టి రుబ్బి ఉడికించిన చింతగింజల గంజిని కుంచెతో పట్టిస్తారు. గంజి ఆరితే ముతక పోగులు ఒకదానికొకటి అంటుకుని, మగ్గం మీద లాగినా తెగకుండా నిలుస్తాయి. గుంత మగ్గం మీద నేత రెండు, మూడు రోజుల్లో అయిపోవచ్చు. దానికి కావలసిన నూలు వడకడానికి అంతకు ఎన్నో రెట్లు కాలం పడుతుంది.

ధర కట్టేటప్పుడు అందరూ పొరపడేది ఇక్కడే. గొంగడి అనగానే కనిపించేది మగ్గం. వడికిన చెయ్యి కనిపించదు. ఒక గొంగడికి ఏరడం, ఏకడం, వడకడం, నేయడం కలిపి పన్నెండు పనిదినాలు పట్టాయనుకుందాం. ఉపాధి హామీ కింద తెలంగాణలో 2024–25లో రోజు కూలి 300 రూపాయలు. ఆ కనీస లెక్కన చూసినా కూలి ఒక్కటే 3,600. ఉన్ని, చింతగింజలు, మగ్గం అరుగుదల దానికి అదనం. సంతలో పానిపట్టు నుంచి వచ్చే పాత ఉన్నిబట్టల రగ్గు ఇందులో చిన్న భాగానికే దొరుకుతుంది. ఆ రగ్గుతో ధరలో పోటీ పడాలనుకుంటే కోత పడేది వడికే అవ్వ కూలి మీదే. ఇన్నేళ్లుగా జరిగింది అదే. ఆమె కూతురు రాట్నం ముట్టకపోవడానికి కారణం వేరే వెతకనక్కర్లేదు.

ఇంత ధర పెట్టి ఎవరు కొంటారు? జవాబు ఉన్ని గుణంలోనే ఉంది. ఒంటి మీద నేరుగా వేసుకునే బట్టకు సన్నని పోగు కావాలి. మెరినో పోగు 24 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉంటుంది. 30 మైక్రాన్లు దాటిన పోగు కొస చర్మానికి గుచ్చుకుంటుంది. దక్కనీ ఉన్ని అంతకంటే ఎంతో ముతక. దానితో శాలువాలు, మెడ చుట్టూ వేసుకునే పట్టీలు చేసి మెత్తగా లేవని బాధపడడం వృథా ప్రయాస. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అన్న సామెత పుట్టిన నేల ఇది. గొంగడి వెంట్రుకలు రాలుస్తుందని తెలిసే జనం దాన్ని వందల ఏళ్లు కప్పుకున్నారు. ఎందుకంటే ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా చేతికి తడి తగలదు. నిప్పురవ్వ పడితే భగ్గుమనదు, మాడి ఆగిపోతుంది. తొలకరి జల్లులో గొంగడిని తల మీదికి మడిచి ముసుగు వేసుకున్న కాపరిని దగ్గర నుంచి చూస్తే, చినుకులు లోపలికి ఇంకక పోగుల కొసల మీద పూసల్లా నిలిచి ఉంటాయి. భుజం విదిలిస్తే రాలిపోతాయి. ఉన్నిలోని సహజమైన జిడ్డు, బిగువైన నేత కలిసి చేసే పని అది. పగలు గొడుగు, రాత్రి పక్క, చలికి కప్పు, కూర్చోవడానికి ఆసనం. ఒక్క వస్తువుతో ఇన్ని పనులు నడిపిన కాపరి దానికి పెట్టిన ధర ఎక్కువనుకోలేదు.

ముతకదనం గుణంగా మారే చోట్లే అంగడి సరుకు ఉండాలి. నేల మీద పరిచేవి, కూర్చునేవి, కాళ్ల కింద వేసుకునేవి. పూజకు ఉన్ని ఆసనం మేలన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. మడికి ధావళి అనే ఉన్నిబట్ట కట్టే ఆచారం కూడా ఆ నమ్మకంలోంచి వచ్చిందే. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ధ్యానం చేసేవాళ్లకు, యోగా నేర్పేవాళ్లకు చదరపు గజం ఉన్ని ఆసనం అవసరమైన వస్తువు. చిన్న సరుకు వల్ల మరో మేలుంది: ఒక గొంగడికి పట్టే నూలుతో నాలుగైదు ఆసనాలు వస్తాయి, అమ్ముడుపోయేదాకా నెలల తరబడి పెట్టుబడి ఇరుక్కుపోదు. మగ్గానికి పనికిరాని పొట్టి పోగులను వేడి నీళ్లు, సబ్బుతో నలిపి నొక్కితే పోగుల మీది పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని గట్టి దళసరి బట్ట అవుతుంది. అది చెప్పుల లోపలి అట్టకు, వేడి గిన్నెల కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది. అదీ కాకుండా మిగిలిన చెత్త ఉన్నిలో నత్రజని మెండు, మొక్కల మొదట్లో కప్పితే తేమ నిలిపి నెమ్మదిగా ఎరువవుతుంది.

వరంగల్‌కు మాత్రమే ఉన్న అవకాశం ఇంకొకటి ఉంది. ఇంతవరకూ దాన్ని ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. అది కొత్తవాడ, నగరంలోని నేతకారుల పేట. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు ఉన్నాయి. ఆ పనితనం వారసులు ఇప్పుడు నేస్తున్న వరంగల్ దరీలకు, అంటే నేల మీద పరిచే దళసరి నేతలకు, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. దరీ నేతలో పడుగు లోపల దాగిపోతుంది, పైకి కనిపించేది పేకే. లాగుడంతా పడుగు మీద పడుతుంది. చేత్తో వడికిన ఉన్ని బలహీనత కూడా ఆ లాగుడు దగ్గరే. కాబట్టి పడుగుకు పత్తి దారం, పేకకు నల్ల ఉన్ని పెట్టి కొత్తవాడ మగ్గం మీద నేస్తే, తెగే బాధ ఉండదు, గంజి పని తప్పుతుంది, వడికే నూలులో నున్నదనం కాస్త తగ్గినా చెల్లుతుంది. పైగా నేల మీద నడిచే వస్తువు గనక ముతక పోగే ఎక్కువ కాలం మన్నుతుంది. అలా నేసినదానికి భౌగోళిక గుర్తింపు పేరు వాడవచ్చా అన్నది నిబంధనలు చూసుకోవాల్సిన విషయం. పేరు రాకపోయినా వస్తువు నిలుస్తుంది. కురుమల ఉన్ని, కొత్తవాడ నేతకారుల చెయ్యి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా ఇన్నాళ్లూ కలవకపోవడం నిజంగా బాధ కలిగించే సంగతి.

అంగడి ఎక్కడ పెట్టాలన్నది తేలికగా తేలిపోతుంది. 2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా దక్కాక హనుమకొండ, ములుగు దారిలో బయటి ఊళ్ల కార్లు పెరిగాయి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర, ఆ తర్వాత ఉగాది దాకా కొమురవెల్లిలో ఆదివారాలు. మల్లన్న, బీరప్ప కొలువుల్లో గొంగడి లేని పూజ లేదు. ఒగ్గు కథకుడి భుజాన అది ఉండాల్సిందే. ఒగ్గు కథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్యది జనగామ ప్రాంతమే. తెలంగాణ సాయుధ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య చిత్రాల్లోనూ గొంగడి కనిపిస్తుంది. కురుమల్లో పెళ్లి కంకణం ఉన్నితో కట్టేవారు, పత్తితో కట్టేవారు అని శాఖలే వేరు. ఈ గిరాకీ కొత్తగా సృష్టించాల్సింది కాదు. అయితే జాతరకు వచ్చే భక్తుడు, రామప్పకు వచ్చే యాత్రికుడు ఒకే ధర పెట్టలేరు. కాపరికి కావలసిన గొంగడిని గిట్టుబాటు ధరకు, దూరప్రాంతం వారికి దరీని పూర్తి ధరకు అమ్మడంలో తప్పేమీ లేదు. రెండోది మొదటిదాన్ని నిలబెడుతుంది.

ఇంటి ఖర్చు మాత్రం ఉన్ని మోయదు. ఆ భారం గొర్రెపిల్లల అమ్మకానిదే. గొర్రె అయిదు నెలలు మోసి ఈనుతుంది, దక్కనీకి మామూలుగా ఒక్క పిల్లే. రైతుల పొలాల్లో రాత్రిళ్లు మంద కట్టినందుకు వచ్చే డబ్బు, ధాన్యం రెండో ఆదరువు. ఉన్ని మూడోది. అయినా పిల్లల అమ్మకం లేని నెలల్లో, మంద కట్టే పని లేని వానాకాలంలో చేతికి రూపాయి తెచ్చేది అదొక్కటే. ఉన్ని అంగడిని పెద్ద వ్యాపారంగా ఊహించుకున్నవాళ్లు దీన్ని తక్కువగా చూస్తారు. ఏడాదిలో డబ్బులేని నెలలు ఎలా గడుస్తాయో తెలిసిన ఇల్లు అలా చూడదు.

అన్నిటికంటే అత్యవసరం వడికేవాళ్లు. గొర్రెలు కొనవచ్చు, మగ్గం వడ్రంగితో చేయించవచ్చు. చేతి వేళ్లలో ఉన్న నైపుణ్యం ఆ మనిషితోనే పోతుంది. రాట్నం ముందు కూర్చున్న అవ్వ పోగు తెగగానే ఆగదు. తెగిన కొసను, చేతిలోని ఉన్ని కొసను కాస్త విప్పి, రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, తడి వేలితో ఒక్కసారి మెలిపెట్టి చక్రం తిప్పేస్తుంది. ముడి ఉండదు. ఎక్కడ అతికిందో తర్వాత వెతికినా దొరకదు. ఆమె పక్కన పీట వేసుకుని ఒక అమ్మాయి మూడు, నాలుగు నెలలు కూర్చుంటే ఆ మెలిక చేతికి వస్తుంది. ఆ నెలలకు నేర్పేవారికీ, నేర్చుకునేవారికీ ఇద్దరికీ కూలి ఇవ్వాలి. అంగడి పెట్టాలనుకునే కుటుంబం గొర్రెలకూ గదికీ లెక్క రాసుకునేటప్పుడు మొదటి పద్దుగా రాయాల్సింది ఆ కూలినే.